సహకారంలో ఫస్టు ప్రైజు

హైదరాబాద్‌లోని రహమత్ నగర్ పిల్లలకు కలిసి మెలగడం రాదట. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అసలే రాదట. ఈ సంగతి కన్నవాళ్ళకు తెలియదు, ఇరుగుపొరుగుకూ తెలియదు. బడివాళ్ళు కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోకుండా డైరీలో రాసి పంపారు. వచ్చే శనివారం టీం బిల్డింగ్ అండ్ కమ్యూనికేషన్ వర్క్‌షాప్. తెల్ల టీషర్టు తప్పనిసరి. యాక్టివిటీ ఫీజు మూడు వందలు. శుక్రవారంలోగా కట్టనివారు ఏ టీంలోనూ చేర్చుకోబడరు.

ఆ చివరి వాక్యానికి దండం పెట్టాలి. రోజంతా చెప్పబోయే పాఠాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. డబ్బు కట్టినవాడు జట్టులో ఉంటాడు, కట్టనివాడు గోడవారన ఉంటాడు. లోకం నడిచే తీరు కూడా అదే కాబట్టి ఈ వర్క్‌షాపు వల్ల ఉపయోగం లేదని ఎవరూ అనడానికి లేదు.

ఏ బడి అని అడక్కండి. యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర మొదలుపెట్టి కార్మిక నగర్, ఎస్పీఆర్ హిల్స్ చుట్టి బోరబండ దాకా ఏ గల్లీలోకి తిరిగినా తగులుతుంది. నాలుగంతస్తుల బిల్డింగు. సెల్లార్‌లో ప్రేయర్, మధ్యలో క్లాసులు, డాబా మీద రేకుల షెడ్డు. ఆ షెడ్డును ఆడిటోరియం అంటారు. బడి పేరులో గ్లోబల్ గానీ టాలెంట్ గానీ కాన్సెప్ట్ గానీ ఉంటుంది. మూడూ ఉంటే ఫీజు ఇంకాస్త ఎక్కువ. గేటు లోపల ఖాళీ జాగా సంగతి చెప్పాలంటే, రెండు స్కూలు ఆటోలు పక్కపక్కన నిలబడవు.

ఇక ఈ మెలగడం రాని పిల్లలు ఉండేదెక్కడో చూద్దాం. జూబ్లీహిల్స్ బంగళాలకు వెనకవైపు. ఒక్కో ఇంట్లో అయిదారు పోర్షన్లు, అన్నిటికీ కలిపి ఒకటే మెట్లు, ఒకటే సంపు. నల్లా వచ్చే పూట వెళ్ళి చూడండి. పై పోర్షన్ పిల్ల మోటారు స్విచ్చి దగ్గర నిలబడుతుంది. కింది పోర్షన్ పిల్లవాడు సంపు మూత ఎత్తి లోపలికి తొంగి చూస్తుంటాడు. ట్యాంకు నిండిందో లేదో చెప్పడానికి ఇంకొకడు డాబా మీద. "బంద్ చెయ్" అని పైనుంచి కేక పడిన మరుక్షణం మోటారు ఆగాలి. లేకపోతే ముందు నీళ్ళు పొర్లుతాయి, తర్వాత ఓనర్ ఆంటీ నోరు పొర్లుతుంది. ఆ ముగ్గురిలో ఒకరింట్లో తెలుగు, ఒకరింట్లో ఉర్దూ, మరొకరింట్లో మరాఠీయో ఒడియానో. సర్కారు దవాఖానలో అమ్మ నొప్పి ఎక్కడుందో డాక్టరుకు హిందీలో చెప్పేది వీళ్ళే. రేషన్ షాపులో నాయనమ్మ వేలిముద్ర ఎందుకు పడటం లేదని గట్టిగా అడిగేదీ, అద్దె రెండ్రోజులు లేటవుతుందని ఓనరుకు మెత్తగా చెప్పేదీ వీళ్ళే. ఏ మాట ఎవరి దగ్గర ఏ గొంతుతో అనాలో పదేళ్ళకే పట్టుబడిన ఈ పిల్లలకు కమ్యూనికేషన్ నేర్పడానికి మాదాపూర్ నుంచి ఒకాయన కాలర్ మైకు తగిలించుకుని దిగాడు.

"కిడ్స్, ఎనర్జీ ఏదీ? లౌడర్!" అన్నాడు. పిల్లలు అరిచారు. కింది అంతస్తు నుంచి ఆయా వచ్చి, ఎల్కేజీ వాళ్ళు పడుకున్నారు, కొంచెం మెల్లగా అరవండి అని చెప్పి పోయింది.

తర్వాత తెర మీద స్లైడు. జట్టు అనేది నాలుగు దశల్లో తయారవుతుందని బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త 1965లో రాశాడు. ముందు చేరతారు, తర్వాత కొట్లాడుకుంటారు, ఆ తర్వాత కుదురుకుంటారు, అప్పుడు పని చేస్తారు. ట్రైనరు రెండో దశ దగ్గరికొచ్చి గడియారం చూసుకుని, దీన్ని స్కిప్ చేద్దాం అన్నాడు. పన్నెండున్నరకు లంచ్. కొట్లాడుకుని కుదురుకునేంత టైము ప్యాకేజీలో లేదు.

మొదటి ఆట మనుషుల ముడి. పది మంది గుండ్రంగా నిలబడి, ఎదుటివాళ్ళ చేతులు అడ్డదిడ్డంగా పట్టుకుని, పట్టు వదలకుండా ఆ చిక్కు విప్పుకోవాలి. చేతులు అనే మాట వినగానే ప్రిన్సిపాల్ మేడం కుర్చీలోంచి లేచారు. అమ్మాయిలు అటు, అబ్బాయిలు ఇటు. తొమ్మిదో తరగతిలో అబ్బాయీ అమ్మాయీ చేయి చేయి పట్టుకుంటే పడే ముడి ఏ ట్రైనరుకూ విడదని ఆమె అనుభవం కాబోలు. ఆట మొదలైంది. చిక్కు లోపల ఉన్నవాళ్ళకు ఏమీ పాలుపోవడం లేదు. ఫీజు కట్టక గోడవారన కూర్చున్నవాళ్ళకు మాత్రం అంతా కనిపిస్తోంది. "అరేయ్, నువ్వు కింద నుంచి దూరు, వాడు పైనుంచి దాటుతడు" అని ఒకడు అక్కణ్ణుంచే కేకేశాడు. ముడి విడిపోయింది. బయటివాళ్ళ సాయం తీసుకున్నందుకు ఆ జట్టుకు అయిదు పాయింట్లు కోశారు.

ఇంకోటి గోపురం ఆట. దీని అసలు రూపాన్ని పీటర్ స్కిల్‌మన్ అనే డిజైనర్ తయారుచేశాడు, టామ్ వుజెక్ 2010లో టెడ్ వేదిక మీద చెప్పి ప్రపంచమంతా పాకించాడు. ఇరవై ఉడకని స్పగెటీ పుల్లలు, గజం టేపు, గజం దారం ఇస్తారు. 18 నిమిషాల్లో వాటితో గోపురం కట్టి కొసన ఒక మార్ష్‌మాలో మిఠాయి నిలబెట్టాలి. కంపెనీలు తమ పెద్ద పెద్ద ఉద్యోగులతో ఈ ఆట ఆడిస్తాయి. చమత్కారం ఏమిటంటే, అప్పుడే బిజినెస్ స్కూలు నుంచి బయటికొచ్చిన పట్టభద్రుల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలు ఎత్తైన గోపురాలు కట్టారు. పట్టభద్రులు తమలో పెద్ద ఎవరో తేల్చుకుని, కాగితం మీద గీసుకుని, కట్టి, చివరి నిమిషంలో మిఠాయి పెడితే మొత్తం కూలింది. పసివాళ్ళు మొదటి నుంచీ మిఠాయి చేతిలోనే పెట్టుకుని కట్టారు, కూలితే మళ్ళీ కట్టారు. ఆ పసివాళ్ళకు ఎవరూ వర్క్‌షాపు పెట్టలేదు.

రహమత్ నగర్‌లో స్పగెటీకి బదులు చీపురు పుల్లలు, మిఠాయికి బదులు థర్మాకోల్ ఉండ. ఆరో తరగతి జట్టొకటి పుల్లలు చేతికి రాగానే ఉండ గుచ్చి చూడబోయింది. "నో నో! ముందు లీడర్‌ని ఎన్నుకోండి. ప్లాన్ వేయండి!" అని ట్రైనరు వాళ్ళ చేతిలోంచి ఉండ లాక్కున్నాడు. ఏ గుణం వల్ల పసివాళ్ళు గెలిచారో ఆ గుణాన్ని ముందు పీకేసి, తర్వాత ఆట పెట్టాడన్నమాట.

చివర్లో బహుమతులు. సహకారంలో ఫస్టు, సహకారంలో సెకండు, సహకారంలో థర్డు. సెకండు వచ్చిన జట్టులో ఇద్దరు స్నేహితురాళ్ళు నీవల్లే పోయిందంటే నీవల్లే పోయిందని కటీఫ్ చెప్పుకున్నారు. అందరినీ కలిపి నిలబెట్టి ఫోటో తీశారు. వెనక ఫ్లెక్సీ మీద అడ్మిషన్లు జరుగుచున్నవి అని ఉంది. సాయంత్రానికి ఆ ఫోటో కరస్పాండెంట్ గారి వాట్సాప్ స్టేటస్‌లో ఉంది. ఆ మూడు వందల్లో ఎంత ట్రైనరుకు పోయిందో, ఎంత ఫ్లెక్సీకి పోయిందో మనకెందుకు.

ఇదంతా శనివారం. సోమవారం సంగతి కూడా చెప్పాలి కదా.

సోమవారం టీచరు క్లాసులోంచి బయటికెళ్తూ క్లాస్ లీడరు చేతికి చాక్‌పీసు ఇస్తుంది. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ. మూడు ఇంటూలు పడితే బెంచీ ఎక్కాలి. నలభై మందిలో ఒకణ్ణి ఏరి, మిగతా ముప్పై తొమ్మిది మంది మీద నిఘా పెట్టే ఈ ఏర్పాటు మన తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ తరాలుగా చెక్కుచెదరకుండా నడుస్తోంది. మనలో చాలామంది ఒకప్పుడు ఆ చాక్‌పీసు పట్టుకున్నవాళ్ళమే, నచ్చనివాడి పేరు పక్కన అదనంగా ఒక ఇంటూ వేసినవాళ్ళమే.

పక్కవాడికి లెక్క రాకపోతే చెప్పబోయారా, అది కాపీ. ఇద్దరి చెవులూ మెలిపెడతారు. యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చాక మార్కుల వరసన బెంచీలు మారతాయి. కాస్త పెద్ద బడి అయితే సెక్షన్లే మారతాయి. ఐఐటీ బ్యాచ్ వేరు, ఒలింపియాడ్ బ్యాచ్ వేరు, ఏ బ్యాచ్‌కీ పనికిరానివాళ్ళకు రెగ్యులర్ అని పేరు. తిండి బెల్లు కూడా వేరే టైముకు కొట్టే బడులున్నాయి. జ్వరం వచ్చి మూడు రోజులు రానివాడు నోట్సు అడిగితే ఇవ్వొద్దని ఇంట్లోనే చెప్పి పంపుతారు. "నువ్వు రాత్రి పదకొండింటి దాకా రాసుకున్నవి వాడికెందుకు?" ఈ ముక్క బడి నేర్పలేదు. అమ్మానాన్నలమైన మనమే నేర్పాం, ఉచితంగా, టీషర్టు కూడా లేకుండా.

మాట్లాడటం అంటే ఏ భాషలో అన్నది ఇంకో గొడవ. తెలుగు ముక్క నోట వస్తే పది రూపాయల ఫైను వేసే బడిలోనే గోడ మీద కమ్యూనికేషన్ ఈజ్ ద కీ అని అంటించి ఉంటుంది. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడనని ఇంగ్లిషులో రాసిన బోర్డులు వేలాడదీశారు. రాష్ట్రమంతా గగ్గోలైంది. అప్పుడు గగ్గోలు పెట్టిన పెద్దమనుషులు తమ పిల్లల బడిలో ఫైనుల డబ్బాను మాత్రం చూడనట్టే ఉండిపోయారు. బోర్డు మెడలో కనిపిస్తుంది, డబ్బా టేబుల్ కింద ఉంటుంది. తేడా అంతే.

ఇక ఎంట్రన్స్ ర్యాంకులు వచ్చిన రోజున టీవీ పెడితే చెవుల్లో పడేది ఏమిటి? ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు... ఊపిరి తీసుకోకుండా అంకెలు. ఆ అంకెల చాటున ఎవరి నోట్సు ఎవరు చదివారో, హాస్టల్లో ఏడుస్తున్నవాణ్ణి ఎవరు పక్కన కూర్చోబెట్టుకున్నారో ఏ ప్రకటనలోనూ రాదు. అలా పక్కన కూర్చోబెట్టుకున్నవాడికి ర్యాంకు తగ్గి ఉంటుంది కూడా.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా ఒక పది రోజులు పిల్లలకు బ్యాగులు వద్దంది. తెలంగాణలో 2023-24 అకడమిక్ క్యాలెండర్ అందుకు నెలలో నాలుగో శనివారాన్ని కేటాయించింది. మన గ్లోబల్ టాలెంట్ బడి ఆ ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఆ రోజు పిల్లలు బ్యాగు తేరు. అట్ట, పెన్నూ తెచ్చుకుని వీకెండ్ టెస్టు రాసి వెళ్తారు.

అయినా జట్టు కట్టడం పిల్లలకు ఇంకొకరు నేర్పాలా? ఉద్దులు పంచుకోవడం గుర్తుందా ఎవరికైనా? ఆటకు ముందు ఇద్దరు నాయకులు నిలబడతారు. మిగతావాళ్ళు బలానికి సరిబలం చూసుకుని జంటలవుతారు. పరుగులో గట్టివాడు గట్టివాడితో, బక్కవాడు బక్కవాడితో. ఒక్కో జంట పక్కకెళ్ళి గుసగుసగా పేర్లు పెట్టుకుని వస్తుంది, ఒకడు పులి, ఇంకొకడు సింహం. భుజాల మీద చేతులేసుకుని నాయకుల ముందుకొచ్చి పులి కావాలా సింహం కావాలా అని అడుగుతారు. ఎవరు పులో నాయకుడికి తెలియదు. నాయకుడు కోరుకున్న పేరువాడు అటు పోతాడు, మిగిలినవాడు ఇటు పోతాడు. అంతా అయ్యేసరికి రెండు జట్లూ సరిసమానం. మంచివాళ్ళందరినీ ఒకరే ఏరుకోవడానికి లేదు. అందరికంటే చివర మిగిలిపోయి తల దించుకునే పిల్లవాడు ఉండడు. ఏ పెద్దమనిషీ కూర్చుని రాసిన నియమం కాదిది, తొండి ఆడి, కొట్లాడుకుని, ఏడ్చి పిల్లలే తేల్చుకున్న పద్ధతి. ట్రైనరు స్కిప్ చేసిన రెండో దశ ఇదే.

ఖోఖో తీసుకోండి. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా కూర్చుంటారు, ఒకడు ఇటు తిరిగితే పక్కవాడు అటు. అంటే ఎవరికి వాళ్ళకు తమ ముందున్న సగం కోర్టే కనిపిస్తుంది. వెనక సగంలో ఏం జరుగుతోందో తొమ్మిదోవాడు వచ్చి వీపు తట్టి గట్టిగా ఖో అంటేనే తెలుస్తుంది. తట్టి అనకపోయినా తప్పే, అని తట్టకపోయినా తప్పే. తాను అలిసిపోయాక పరుగును ఇంకొకడికి అప్పగించి వాడి జాగాలో కూర్చోవాలి. కబడ్డీలో అయితే ఔటైనవాడు గీత బయట కూర్చుంటాడు. తన జట్టువాడు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేస్తే, ఔటైన వరసలో మొదటివాడికి మళ్ళీ ప్రాణం వస్తుంది. తన ప్రాణం పక్కవాడి చేతిలో ఉందని ఇంత తేటగా చెప్పే స్లైడు ఏ ల్యాప్‌టాప్‌లోనూ లేదు. ఈ ఆటలకు కావలసినవి నేలా, దాని మీద గీతలూ. ఖోఖోకు అటొక గుంజ, ఇటొక గుంజ.

చిక్కంతా ఆ నేల దగ్గరే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. బడి భవనానికి ఏమేం ఉండాలో వరసగా రాసి ఉంటుంది. అందులో ఆటస్థలం ఉంది. తాగునీరు ఉంది. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉన్నాయి. టీం బిల్డింగ్ వర్క్‌షాపు లేదు. మన బడులకు ఆ షెడ్యూలులో లేనిది సులువుగా దొరుకుతుంది. ఆటస్థలం అడిగితే పక్క గల్లీలో గ్రౌండు ఉందని కాగితం మీద చూపిస్తారు. ఆ గల్లీలోకెళ్తే బోర్డు: ఇచ్చట బంతి ఆడరాదు, కార్ల అద్దాలు పగిలిన మీదే బాధ్యత. పీఈటీ పీరియడ్ టైంటేబుల్‌లో ఉంటుంది, ఆ పీరియడ్‌లో లెక్కల సారు ఉంటారు. ముందు పిల్లల కాళ్ళ కింద నేల తీసేశాం. ఆ తర్వాత వాళ్ళకు కలిసి ఆడటం రావడం లేదని బాధపడ్డాం. ఇప్పుడు ఆ బాధకు మూడు వందల చొప్పున వసూలు చేస్తున్నాం.

ఆటలు పెడితే చాలు, సఖ్యత దానంతటదే పుడుతుందనుకునే ట్రైనర్లకు ఓక్లహామా కథ ఒకటి వినిపించాలి. 1954 వేసవిలో ముజఫర్ షరీఫ్ అనే సామాజిక మానసిక శాస్త్రవేత్త పదకొండేళ్ళ అటూఇటూ ఉన్న 22 మంది అబ్బాయిలను రాబర్స్ కేవ్ అనే చోట వేసవి శిబిరానికి తీసుకెళ్ళాడు. ఒకరినొకరు ఎరగని రెండు గుంపులు చేశాడు. ర్యాట్లర్స్ అని ఒకరు, ఈగల్స్ అని ఒకరు పేర్లు పెట్టుకున్నారు. రెండింటికీ బేస్‌బాల్, తాడు లాగుడు పోటీలు పెట్టి, గెలిచినవాళ్ళకు మెడల్సూ జేబుకత్తులూ ఇస్తామన్నాడు. అచ్చం మన శనివారం ప్రోగ్రామే. ఏమైంది? ఈగల్స్ ర్యాట్లర్స్ జెండాను తగలబెట్టారు, ర్యాట్లర్స్ ఈగల్స్ జెండాను లాక్కున్నారు. అవతలివాళ్ళ క్యాబిన్ల మీద పడ్డారు. సరే కలిపి చూద్దామని ఒకే హాల్లో భోజనాలు పెడితే కంచంలోది ఎదుటివాడి మీద విసిరారు.

వాళ్ళను కలిపింది చివరికి నీళ్ళు. శిబిరానికి నీళ్ళొచ్చే ఏర్పాటు చెడింది. చెడగొట్టింది షరీఫ్ బృందమే, అది వేరే సంగతి. దప్పికకు ర్యాట్లర్, ఈగల్ అని తేడా లేదు కాబట్టి అందరూ కలిసి ట్యాంకు దాకా వెతుక్కుంటూ వెళ్ళి బాగుచేసుకున్నారు. తర్వాత తలా కొంత వేసుకుని ట్రెజర్ ఐలండ్ సినిమా తెప్పించుకున్నారు. తిండి తేవాల్సిన ట్రక్కు కదలనంటే, మొన్న ఒకరి మీద ఒకరు లాగిన తాడునే దానికి కట్టి అందరూ ఒకే పక్కకు లాగారు. ఆ చదువు చదివినవాళ్ళు రహమత్ నగర్‌కు వచ్చి పిల్లల చేత చీపురు పుల్లలతో గోపురాలు కట్టిస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇక్కడ నీళ్ళ కష్టాన్ని ఏ శాస్త్రవేత్తా పనిగట్టుకుని సృష్టించనక్కర్లేదు.

ఈ పిల్లల ఇళ్ళలో పెద్దలు చేసే పని చూస్తే ట్రైనరు కాలర్ మైకు తీసి జేబులో పెట్టుకుంటాడు. చాలా ఇళ్ళు సినిమా మీద బతికేవి. లైట్‌మన్, సెట్ వర్కు, మేకప్ అసిస్టెంటు, జూనియర్ ఆర్టిస్టు. తెల్లవారుజామున యూనిట్ బండి ఎక్కితే మళ్ళీ ఎప్పుడో. వాళ్ళ పనితనం చూడటానికి ఒక ట్రాలీ షాట్ చాలు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే చెక్కముక్కలు పెట్టి మట్టం చేసి పట్టాలు పరుస్తారు. ట్రాలీ మీద కెమెరామన్, పక్కన ఫోకస్ పుల్లర్, వెనక తోసేవాడు. తోసేవాడి అడుగు ఒకటి ముందుపడితే ఫోకస్ పోతుంది, ఫోకస్ పోతే అంతవరకూ ఏడ్చిన హీరోయిన్ మళ్ళీ మొదటి నుంచి ఏడవాలి. ముగ్గురూ ఒక్క మాట అనుకోరు. అలాంటి పని చేసి వచ్చిన తండ్రి ఇంటికొచ్చి డైరీ మీద సంతకం పెడతాడు: మా వాడికి కోఆర్డినేషన్ నేర్పించడానికి సమ్మతిస్తున్నాను.

ఆ తండ్రులే 2025 ఆగస్టు 4 నుంచి షూటింగులు బందు పెట్టారు. వేతనాలు 30 శాతం పెంచాలన్నది కోరిక. సినిమా కార్మికుల ఫెడరేషన్ కింద 24 క్రాఫ్టుల యూనియన్లు. లైట్లు మోసేవాళ్ళు, కుట్టేవాళ్ళు, బళ్ళు నడిపేవాళ్ళు, ఫైట్లు చేసేవాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు. రోజు కూలి మీద బతికేవాడు రెండు వారాలకు పైగా పని మానుకుని ఇంట్లో కూర్చోవడమంటే ఎంత నమ్మకం కావాలి పక్కవాడి మీద? కళ్ళకు గంతలు కట్టుకుని వెనక్కి పడే ఆటలో అంత నమ్మకం పుడుతుందా? 21న రాజీ కుదిరింది. రోజుకు 2000 రూపాయల లోపు వచ్చేవాళ్ళకు మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం. అడిగింది మొత్తం రాలేదు, వచ్చింది మాత్రం కలిసి అడిగినందుకే వచ్చింది.

గుట్ట అవతలివాళ్ళకు ఈ రహస్యం ఇంకా ముందే తెలుసు. 1960ల్లో రాళ్ళూ తుప్పలూ ఉన్న చోట జూబ్లీహిల్స్ వెలిసింది ఒక కోఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీ చలవతోనే. సినిమా కార్మికులకు మణికొండలో చిత్రపురి కాలనీ కట్టిందీ సొసైటీయే, అందులో పంచాయితీలు పోలీసు స్టేషన్ దాకా పోయినా సరే. స్థలం కావాలంటే సంఘం పెడతాం, కూలి కావాలంటే సంఘం పెడతాం, అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడితే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు పెడతాం. పెద్దవాళ్ళు ఏదైనా సాధించుకోవడానికి వాడే ఆ ఒక్క పనిముట్టునూ పిల్లల చేతికి మాత్రం థర్మాకోల్‌తో చేసి ఇస్తాం.

వాళ్ళు నిజంది పట్టుకుంటే ఏమవుతుందో చెప్పి ముగిస్తాను. అదే డాబా, అదే బడి, వర్క్‌షాపు అయ్యి నెల కూడా కాలేదు. మూడో అంతస్తు ఆడపిల్లల బాత్‌రూంలో నీళ్ళు రావడం లేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వెళ్ళి చెప్పింది, చూస్తాం అన్నారు. మళ్ళీ వెళ్ళింది, చూస్తామన్నాం కదా అన్నారు. ఆ పిల్ల క్లాసులో ఆడపిల్లలందరినీ కూడగట్టింది. ఒక పిల్లకు ఇంగ్లిషు బాగా వచ్చు, ఉత్తరం ఆమె రాసింది. చేతిరాత బాగున్న పిల్ల తిరగరాసింది. అందరూ సంతకాలు పెట్టారు. లంచ్ బెల్లులో వరసగా మెట్లు దిగి ఆఫీసు రూం ముందు నిలబడ్డారు, ఒక్కరూ అరవలేదు. ఇంతకంటే మంచి టీం వర్కు, ఇంతకంటే మంచి కమ్యూనికేషన్ ఆ నాలుగంతస్తుల్లో అంతకు ముందు జరగలేదు.

మర్నాడు ఆ పిల్ల తల్లిని పిలిపించారు. కృష్ణానగర్ నుంచి షూటింగులకు వెళ్ళే జూనియర్ ఆర్టిస్టు ఆమె, ఆ రోజు పని పోగొట్టుకుని వచ్చింది. మీ పాప క్లాసులో గ్రూపులు కడుతోంది, మిగతా పిల్లలను చెడగొడుతోంది, ఇలాగైతే టీసీ ఇచ్చేస్తాం, ఇకమీదట ఇలా చేయదని రాసి సంతకం పెట్టండి అన్నారు.

"మా పిల్ల ఒక్కతె వచ్చి రెండుసార్లు అడిగిందంట గద మేడం. అప్పుడే నీళ్ళు పెట్టిచ్చి ఉంటే ఇంతమందిని ఎందుకు తోల్కొస్తది?"

మెల్లగా మాట్లాడండి, పేరెంట్స్ వస్తున్నారు అన్నారు మేడం. కాగితం ముందుకు జరిపారు. ఆమె పెన్ను తీసుకుంది, కాగితం మొత్తం చదివింది, కింద కొంచెం జాగా మిగిలి ఉండటం చూసి మళ్ళీ మేడం ముందుకే తోసింది.

"సంతకం పెడ్త. నల్లా ఏ తారీఖుకు బాగయితదో మీరు గూడ అండ్ల రాసి సంతకం పెట్టుండ్రి."